సర్జన్ గారి వాటా

ఓట్స్ జావ కలుపుతున్న లోసలీన్ చేతిలోంచి గరిటె మళ్ళీ కింద పడింది. ఆస్ట్రేలియాలోని క్వీన్‌బియన్ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళందరికీ పొద్దున్నే జావ, గుడ్లు, కాల్చిన రొట్టె వెళ్ళాలి. తను మాత్రం సీసాలో పొడి కలుపుకుని తాగాలి. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అదే తిండి. డబ్బా మీద చాక్లెట్ రుచి అని రాసి ఉంటుంది గానీ, అది తడిసిన అట్టముక్క రుచి.

"ఏంటి తల్లీ, కోపం గరిటె మీదా, నా మీదా?" అంది తోటి వంటమనిషి ట్రూడీ, రొట్టెలు కాలుస్తూ.

"నువ్వు రాసే ఆ వెన్న మీద."

"ఓ ముక్క తిను. ఆ డాక్టరేమైనా కిటికీలోంచి చూస్తున్నాడా?"

లోసలీన్ నవ్వలేదు. మనిషి భారీ విగ్రహం. సామాన్ల గదిలోకి పక్కకి తిరిగి వెళ్ళాలి. ఏప్రన్ తాళ్ళు వెనక అందవు, గుడ్డపేలిక అతుకు వేసుకుంది. అయినా తన ఒంటి మీద ఆమెకి ఏనాడూ ఫిర్యాదు లేదు. మా టోంగా దీవుల వాళ్ళలో లావు మనిషిని చూసి ఎవరూ అయ్యో అనరు, ఇంట్లో తిండికి లోటు లేదనుకుంటారు.

కోత తన కోసం కాదు. తమ్ముడు సెమీసికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రి మిషను రక్తం కడిగితేనే బతుకు. అక్క కిడ్నీ అతనికి సరిపోతుందన్నారు, కానీ ఇంత ఒంటితో ఇవ్వడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. పొట్ట చిన్నది చేయించుకుని, చిక్కి, అప్పుడు రమ్మన్నారు. సరే, శుక్రవారం ఆపరేషను.

జీతంలోంచి ఏళ్ళ తరబడి బీమా కట్టింది. ఫోన్ చేసి అడిగితే, "ఈ ఆపరేషన్‌కి మీకు కవర్ ఉందమ్మా" అంది అక్కడి పిల్ల. ఆ ఒక్క మాట విని మనిషి గాల్లో తేలిపోయింది. ఆపరేషన్ కోసమని దాచిన ఎనిమిది వేల డాలర్లూ పోయిన నెల చర్చి వార్షిక కానుకల్లో తమ్ముడి పేరున పోసేసింది. మా చర్చిలో కానుక గుట్టుగా ఇచ్చేది కాదు. పేరూ మొత్తమూ మైకులో చదువుతారు. "సెమీసి కుటుంబం, ఎనిమిది వేలు" అనగానే ఆడవాళ్ళు లేచి చిందులేశారు. సెమీసి తల వంచుకుని ఏడ్చాడు.

జావ పంపించి గిన్నెలు నానబెడుతుంటే సర్జన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"మిగతా ఆరున్నర వేలు రేపు సాయంత్రంలోగా కట్టాలండీ."

"నాకు బీమా ఉందమ్మా. కవర్ ఉందన్నారు."

"అది గది ఖర్చు, థియేటర్ ఖర్చు. సర్జన్ ఫీజులో బీమా వాళ్ళిచ్చేది కొంతేనండీ. ఆయన సహాయకుడు, మత్తు డాక్టరు వేరే."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

"అందరికీ తెలిసిందే కదాని..." అంటూ ఆ అమ్మాయి నీళ్ళు నమిలింది. "కట్టకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామండీ."

లోసలీన్ ఫోన్ ఏప్రన్ జేబులో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. తోమేసిన గిన్నెలే ఇంకోసారి తోమింది. ఎవరిని అడగాలి? చర్చిలో ఎనిమిది వేలు పోసిన మనిషి ఆరున్నర వేలకి చెయ్యి చాస్తే ఎవరు నమ్ముతారు? మధ్యాహ్నం భోజనాలు ఎలా వండిందో ఆమెకే తెలియదు. ముసలాయన ఒకడు కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని కబురు పంపాడు.

పని దిగి తిన్నగా తమ్ముడింటికి వెళ్ళింది. వంటింట్లో మరదలు ఫూసీ చేమాకులు కడుగుతోంది. సెమీసి పక్కగదిలో పడుకుని ఉన్నాడు. మాలో అక్కాతమ్ముళ్ళు ఎదిగాక ఒక గదిలో కూర్చోరు, ఎదురుగా కబుర్లాడుకోరు. అది మర్యాద.

"రేపు పాస్టరు గారి దగ్గరికెళ్ళి ఆ కానుక వెనక్కడుగుతా," అంది లోసలీన్.

ఫూసీ చేతిలోంచి ఆకు జారింది. "వదినా! దేవుడికిచ్చింది ఎవరైనా వెనక్కడుగుతారా?"

"దేవుడు ఆగుతాడే. సర్జన్ ఆగడు."

గోడ అవతల నుంచి సెమీసి గొంతు వినిపించింది. "ఫూసీ, అక్కతో చెప్పు. చదివింది నా పేరు. అడగొద్దను."

"ఫూసీ, వాడితో చెప్పు. పేరు కన్నా ప్రాణం ముఖ్యమను."

"అక్కతో చెప్పు. తను ఆకలికి మాడుతుంటే చూడలేకపోతున్నా. తన ఒళ్ళు కోయించి నేను బతకాలా? ఊరెళ్ళిపోతున్నా. మా ఇద్దరికీ టికెట్లు కొన్నాను."

ఫూసీ తడిచేతులతో మొహం కప్పుకుంది. టోంగాలో ఎక్కడా రక్తం కడిగే ఆ మిషను లేదు.

లోసలీన్ లేచింది. ఊహ తెలిశాక మొదటిసారి తమ్ముడు పడుకున్న గది గడప దాటింది. అతను కంగారుగా దుప్పటి లాక్కుని లేచి కూర్చున్నాడు.

"అక్క మాట నీకు ఆజ్ఞా కాదా?"

"ఆజ్ఞే."

"అయితే వెళ్ళకు."

సెమీసి ఆమె మొహంలోకి చూడలేదు. మాలో తమ్ముడు అలా చూడడు. "ఈ ఒక్కటీ వినలేనక్కా," అన్నాడు.

ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది, ఎత్తుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆ చిన్న గదిలో మంచం చుట్టూ అటూ ఇటూ తిరిగింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, ఫూసీ వండినవన్నీ నిలబడే తినేసింది. కన్నీళ్ళు ముక్కు మీదుగా పళ్ళెంలో పడుతున్నా ఆపలేదు.

శుక్రవారం, ఆపరేషన్ జరగాల్సిన వేళకి సెమీసి, ఫూసీ విమానం ఎక్కారు. మిషను లేకుండా రెండు వారాల్లో ఏమవుతుందో సాగనంపడానికి వచ్చిన వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, పాటలు పాడారు.

ఇల్లు తాళం వేసి తాళంచెవి ఓనరుకి ఇవ్వమన్నారని సాయంత్రం లోసలీన్ ఒక్కతే వెళ్ళింది. గదులన్నీ ఊడ్చి ఉన్నాయి. తలుపు వెనక కొక్కేనికి తమ్ముడి మందపాటి ఉన్ని కోటు వేలాడుతోంది, ఊళ్ళో చలి ఉండదని వదిలేసి వెళ్ళాడు.