మూడో ఈక్వల్స్

మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. మా ఇంట్లో మాత్రం అది పూర్తి నిరాకరణ అయి కూర్చుంది, కంప్యూటర్ సాక్షిగా.

మా ఆయన ప్రోగ్రామర్. "భోజనానికి వస్తారా" అని రోజూ ఫోన్ చేయడం నాకు అలవాటు, మీటింగులో ఉన్నానని విసుక్కోవడం ఆయనకి అలవాటు. ఆ గొడవ వదిలించుకోవడానికి ఓ చిన్న ప్రోగ్రాం రాశారు. సాయంత్రం ఆయన ఫోనుకి ప్రశ్న వెళ్తుంది. ఒకటి నొక్కితే వస్తున్నట్టు, సున్నా నొక్కితే రానట్టు. జవాబు వంటగదిలో నా ఫోను చెబుతుంది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత రోజూ "రారు" అనే కనబడసాగింది. ఒక్కదానికే ఇంత వండుకుని, గట్టు దగ్గర నిలబడే తినేసి, గిన్నెలు కడిగేసుకునేదాన్ని. ఆయన వచ్చి, చడీచప్పుడు లేకుండా గదిలోకి వెళ్ళిపోయేవారు. నాతో కూర్చుని తినడం ఇష్టం లేదన్నమాట. అడగలేదు. అడగకుండా ఉండటానికేగా ప్రోగ్రాం రాసిచ్చింది.

ఓ ఆదివారం బట్టలు మడతపెడుతూ ఉండబట్టలేక అడిగేశాను.

"నాతో తినడం అంత కష్టంగా ఉందా?"

"నువ్వేగా వండటం మానేసింది. వచ్చేసరికి పొయ్యి మీద ఏమీ ఉండట్లేదు. అందుకే ఆఫీసులోనే ఏదో తినేసి వస్తున్నా."

"రానని నొక్కేది మీరే కదండీ."

"నేనా? నేనసలు ఏదీ నొక్కట్లేదు. గుర్తుండి చస్తేగా."

లాప్‌టాప్ తెరిచారు. కాసేపు చూసి చెవి గోక్కున్నారు.

"జవాబు సున్నాయేనా అని పోల్చే చోట రెండు ఈక్వల్స్ గుర్తులు పెట్టాను. అలా పెడితే ఈ భాషలో ఖాళీ కూడా సున్నాతో సమానమే. మూడు పెడితే వేరువేరుగా చూస్తుంది."

"అంటే మీరు ఉలకకపోతే, రానన్నారని నాకు చెబుతోందా ఇది?"

"టెక్నికల్‌గా అంతే."

"టెక్నికల్‌గా మనం ఒకే ఇంట్లో ఉంటున్నాం లెండి."

నవ్వి, మూడోది చేర్చారు.

మర్నాడు "జవాబు రాలేదు" అని వచ్చింది. ఇద్దరికీ వండి, రెండు కంచాలు పెట్టుకుని కూర్చున్నాను. కూర చల్లారాక వచ్చారు. అలవాటు కొద్దీ ఆఫీసులోనే తినేశారట. ఆ మర్నాడూ అంతే. ప్రోగ్రాంలో మాత్రం ఇప్పుడు ఏ తప్పూ లేదు.

గురువారం "రారు" అని వచ్చింది.

కూర సగానికి తగ్గించి, పొయ్యి వెలిగించబోతూ ఫోను మళ్ళీ చూసుకున్నాను. ఇది ఖాళీ కాదు, అసలు సిసలు సున్నా. ఎక్కడో మీటింగు మధ్యలో ఫోను బయటికి తీసి, నా ప్రశ్న చదివి, వేలితో నొక్కారు.

ఆ పూట కంచం పెట్టుకుని, కూర్చునే తిన్నాను.