మూడో గేరు

మా పాత జీపు ఎత్తెక్కితే చాలు, మూడో గేరు దానంతటదే ఊడిపోయేది. పక్కన కూర్చున్న మా ఆవిడే గేర్‌రాడ్డును రెండు చేతులతో అదిమిపట్టేది. "ఊళ్లో బండ్లన్నీ బాగుచేస్తారు, సొంతది మాత్రం గాలికొదిలేస్తారు!" అని మెకానిక్‌నైన నన్ను ఏళ్ల తరబడి తిట్టిపోసింది. తిట్టినా, పట్టు మాత్రం వదల్లేదు.

చివరికి గేర్‌బాక్సు దించి, అరిగిపోయిన పళ్లచక్రాలూ బేరింగులూ మార్చాను. ఇవాళ కొండెక్కుతుంటే ఆమె చేతులు అలవాటుగా రాడ్డు మీదికొచ్చాయి.

"వదిలెయ్యవే, ఇంక ఊడదు."

నమ్మకం లేకుండానే వదిలింది. కాసేపటికి పక్కకు తిరిగింది.

"అయ్యో, కింద ఇంత పెద్ద ఏరుందా! ఎప్పుడొచ్చిందండీ ఇది?"

మా పెళ్లికి ముందు నుంచీ అది అక్కడే పారుతోంది. ఇన్నేళ్లూ ఆమె చూపంతా రాడ్డు మీదే. ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

మూడో గేరును నేనే తీసి, బండి ఆపాను.

"దిగు. తీరిగ్గా చూద్దువుగాని."