తొమ్మిదో ప్రశ్న

నాగజ్యోతి చదివే చదువేమిటో పర్చూరు దగ్గరి వాళ్ళ ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. గుంటూరులో ఎమ్మే సైకాలజీ అయింది, ఇప్పుడు కౌన్సెలింగులో ఇంకో రెండేళ్ళు అంటే, పొగాకు రైతు పేరయ్య కూతురి వంక వింతగా చూశాడు.

"మనుషులతో మాట్లాడ్డానికి గూడా చదవాలంటమ్మా? మీ నాయనమ్మ ఏ కాలేజీలో చదివిందని ఊరందరితో మాట్లాడింది?"

అన్నాడే గానీ, తన ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి కూతురేనని బస్సులో పక్క సీటువాళ్ళకు కూడా చెప్పుకునేవాడు. ఆ సంగతి తెలిసే నాగజ్యోతి ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టలేదు.

రెండో ఏడు పుస్తకాలు పక్కనపెట్టి మనుషుల ముందు కూర్చోవాలి. ప్రతి గురువారం సత్తెనపల్లిలో, ఒక చిన్న ఆసుపత్రి వెనక గదిలో, కాలేజీవాళ్ళు ఉచితంగా కౌన్సెలింగ్ చేసేవారు. విద్యార్థి ఒక్కరే వచ్చినవాళ్ళతో మాట్లాడి, ఫారం నింపి, అదే రోజు షమా మేడంకి చూపించాలి. షమా మేడంది వినుకొండ. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. తప్పు దొరికితే కోప్పడదు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది. విద్యార్థులకు అంతకన్నా భయం లేదు.

ఫారంలో పన్నెండు ప్రశ్నలు. నిద్ర, ఆకలి, పని, ఇల్లు... ఎనిమిది దాకా నాగజ్యోతికి ఇబ్బంది లేదు. తొమ్మిదోది దగ్గరే ఆగిపోయేది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? సూటిగా అడగాలి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని మేడం ఎన్నోసార్లు చెప్పింది. క్లాసులో స్నేహితురాలు హారిక రోగిలా నటిస్తే, నాగజ్యోతి ఆ ప్రశ్న ఇంగ్లీషులో చకచకా అడిగేసింది. ఇంగ్లీషు కాబట్టి వచ్చింది. తెలుగులో ఆ మాట అనబోతే నాయనమ్మ అడ్డం వచ్చేది.

"చెడ్డమాట అనబాకవే. పైన తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. నువ్వేదంటే దానికి తథాస్తనేసి పోతారు."

చిన్నప్పుడు "రేపు నాకు జ్వరం వస్తుందేమో" అన్నందుకే నోటిమీద ఒకటి తగిలించింది ఆవిడ. మర్నాడు నిజంగానే జ్వరం వచ్చింది. అప్పట్నుంచీ ఆ దేవతలంటే నాగజ్యోతికి, ఎమ్మే చదివినా సరే, లోపలెక్కడో జంకే.

అది రెండువేల అయిదు, ఏప్రిల్. ఆ గురువారం మొదట వచ్చినాయన వీరాంజనేయులు. నలభై దాటిన మిరప రైతు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచులు సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

"నిద్ర పట్టట్లేదమ్మా. కళ్ళు మూస్తే మందే గుర్తొస్తా ఉంది."

"ఎప్పట్నుంచండీ?"

"కళ్లంలో కాయ తడిసిన కాడి నించి. మబ్బేసింది, పట్టా కప్పుదామయ్యా అని మా ఆవిడ మొత్తుకుంది. ఏం కాదు లెమ్మన్నా. తెల్లారేసరికి కాయంతా తెల్లబారి తాలై కూకుంది." తలపాగా అంచు ఇంకోసారి సరిచేశాడు. "ఒక్కళ్ళూ ఒక్క మాట అన్లేదమ్మా నన్ను. తిట్టినా బాగుండు."

నాగజ్యోతి తలూపింది. తర్వాత అడిగింది: "మందు మామూలుగా తీసుకుంటారా?"

ఆయన ఆమె మొహంలోకి అదోలా చూశాడు. పెదవి కొసన నవ్వులాంటిది వచ్చి పోయింది. "మామూలుగా తీసుకునేదా అమ్మా అది!"

"తాగుడు తగ్గించుకుంటే నిద్ర దానంతటదే వస్తుందండీ" అంది నాగజ్యోతి.

"అట్నేనమ్మా" అని లేచి, తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిదో ప్రశ్న అడక్కుండానే దాని ఎదుట ఆమె చిన్న గీత గీసింది. కింద, మద్యపానం కోరిక, అని రాసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షమా మేడం ఫారం చదివింది. సంభాషణ ఉన్నదున్నట్టు రాసిన కాగితం కూడా చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏ మందు జ్యోతీ?"

నాగజ్యోతి తను రాసిన కాగితం వంక చూసింది.

"ఈ జిల్లాలో మాత్రనీ మందంటారు, సారానీ మందంటారు. పత్తికి, మిరపకి కొట్టేదాన్నీ మందే అంటారు. రైతు బిడ్డవి, నీకు నేను చెప్పాలా? ఆయన ఏ మందన్నాడు?"

తెలియక రాశానని ఒక్క మాట అంటే సరిపోయేది. తప్పు చిన్నదైపోయేది, మార్కులు కొన్ని పోయేవి. అన్నాడు కదా ఆయన, మామూలుగా తీసుకునేదా అని. ఆ నవ్వు గుర్తొచ్చింది నాగజ్యోతికి.

"వినిపించింది మేడం" అంది. "పురుగుమందని నాకు వినిపించింది. అడగడానికి నోరు రాలేదు. అందుకని రెండో అర్థం రాసుకున్నాను."

షమా మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నిజం చెప్పావు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఫోన్ నంబరిచ్చాడా?"

ఇచ్చాడు, ఊళ్ళో అల్లాబక్షు కిరాణా కొట్టుది. ఎందుకు చేస్తున్నదీ బయటివాళ్ళకు చెప్పకూడదు. అందుకని, చీటీ ఇక్కడ మర్చిపోయారు, ఒకసారి పిలుస్తారా, అంది నాగజ్యోతి.

"వీరాంజనేయులా? బస్సు దిగి అటునించటే కళ్లానికి పోయాడు తల్లీ, అన్నానికి గూడా రాలా. చీటీకి అంత కంగారేంది? రేపు వస్తే ఇవ్వరాదూ?" అన్నాడు అల్లాబక్షు.

మేడం అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "మామూలుగా మనం ఎవరిళ్ళకీ వెళ్ళం. ఇవాళ వెళ్తాం. పద."

ఆటోలో అరగంట. ఏప్రిల్ ఎండకి దారి పొడుగునా మిరపఘాటు. నాగజ్యోతి తుమ్మలేదు, దగ్గలేదు. ఆయన అక్కడ ఉండాలి, ఉండాలి, అని మాత్రం అనుకుంటూ కూర్చుంది.

ఉన్నాడు. కళ్లం మధ్యలో గొంతుక్కూర్చుని ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లకాయ ఒక పక్కకి వేరుచేస్తున్నాడు. ఎదురుగా ఆయన భార్య బసవమ్మ, ముక్కుకి కొంగు కట్టుకుని అదే పని చేస్తోంది.

"నువ్వే అడుగు. నీతోనే చెప్పుకున్నాడు" అని మెల్లగా అని, షమా మేడం బసవమ్మను మంచినీళ్ళడిగి పాక వైపు తీసుకుపోయింది.

నాగజ్యోతి మిరపకాయల పక్కన కింద కూర్చుంది.

"వీరాంజనేయులు గారూ, పొద్దున నేను తప్పు విన్నాను. తప్పని తెలిసే విన్నాను. మీరన్న మందు ఇదిగో, ఈ చేలకు కొట్టేదే కదండీ?"

ఆయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?"

మాట బయటికొచ్చింది. పైనుంచి ఎవరూ తథాస్తు అనలేదు. కళ్లం అవతల గేదె ఒకటి అరిచింది, అంతే.

"అంత మాట అట్టా అనేశారేందమ్మా" అన్నాడాయన. తర్వాత తలపాగా గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు చాలాసేపు కదిలాయి. నాగజ్యోతి ఊరుకోండి అనలేదు. అనకూడదని చదువుకుంది. ఇప్పుడు ఎందుకు అనకూడదో తెలిసింది.

"వస్తా ఉంది. పది రోజుల్నించీ" అన్నాడు చివరికి, గుడ్డలోంచే. "ఎవరన్నా అడుగుతారేమోనని చూశా. తాగుడు మానమన్నారు మీరు. నేను జన్మలో ముట్టలేదమ్మా."

"పొరపాటు నాదేనండీ."

"సర్లెండి. తాగుబోతునన్నా అనిపించుకున్నా." ఏడుస్తూనే నవ్వాడు.

ఈ సంగతి మీ ఆవిడతో చెప్పొచ్చా అని నాగజ్యోతి అడిగింది. ఆయన చేతిలో కాయ తెల్లవాటిలో పడేసి, చెప్పండన్నాడు. బసవమ్మ వచ్చింది, విన్నది. ఏడవలేదు. రొంటిన దోపుకున్న తాళంచెవి తీసి చూపించింది.

"పురుగుమందులు పెట్టే కొట్టుగదిది. వారం నించీ నా రొంటినే ఉంది."

వీరాంజనేయులు నోరు తెరిచాడు. "అదెక్కడో పోయిందన్నావు గదే!"

"పోయిందనక ఏమనాల? ఆ మాట ఎత్తితే పైన దేవతలు వింటారని నోరు మూసుకుని చచ్చా. మూడు జాములూ నీ ఊపిరి వినుకుంటా పడుకుంటన్నా. కాయ పోతే పోయింది, ఎప్పుడన్నా నిన్నొక మాటన్నానా?"

"అనలేదనేగా నా ఏడుపు!"

"అయితే విను, ఇప్పుడంటా. పట్టా కప్పమంటే కప్పవా? మొండి మనిషి! ముందొచ్చే మబ్బు కూడా నీకు చెప్పి రావాలా?"

ఆమె తిడుతుంటే ఆయన మొహంలోకి, ఎన్నాళ్ళకో, నెత్తురు తిరిగింది. నాగజ్యోతి, బసవమ్మ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకే భయంతో నోరు కట్టేసుకున్నవాళ్ళే.

షమా మేడం మిగతా పనులు ఒక్కొక్కటే చెప్పింది. ఆ కొట్టుగదిలో పురుగుమందులన్నీ ఈ పూటే బసవమ్మ అన్నగారింటికి చేరాలి. రేపు గుంటూరులో డాక్టరుగారి దగ్గరికి తామే తీసుకెళ్తారు. ఆలోచన గట్టిగా వచ్చినప్పుడు, ఏ వేళైనా సరే, భార్యను లేపి చెప్పాలి. అన్నిటికీ ఆయన తలూపాడు.

"ఇంకొకటి" అంది మేడం. "మీ దేవతలు ఇందాకటి మాట విన్నారో లేదో నాకు తెలీదు. వింటూ ఉంటే మాత్రం, ఇది కూడా వినిపించండి. వచ్చే గురువారం వస్తాను అనండి, గట్టిగా."

వీరాంజనేయులు సిగ్గుపడ్డాడు. బసవమ్మ మోచేత్తో పొడిచింది.

"వచ్చే గురువారం వస్తా" అన్నాడు.

"తథాస్తు" అంది బసవమ్మ వెంటనే, ఇంకెవరికీ సందివ్వకుండా. "మా ఇంట్లో అయితే ఆమీన్ అంటాం" అంది షమా మేడం.

ఆ గురువారం నాగజ్యోతి తొమ్మిదింటికే వచ్చి కూర్చుంది. పది దాటింది. పదిన్నరైంది. బస్సు హారన్ వినపడ్డప్పుడల్లా గుమ్మంలోకి చూసింది. పదకొండింటికి గుమ్మంలో తలపాగా కనబడింది, దాని వెనక బసవమ్మ.

"బస్సు టైరు పంచరమ్మా" అన్నాడు వీరాంజనేయులు కూర్చుంటూ.

నాగజ్యోతి కొత్త ఫారం తీసింది. ఈసారి వరస పాటించలేదు. తొమ్మిదో ప్రశ్నే ముందు అడిగింది, తెలుగులో, గొంతు తగ్గించకుండా.

"ఈ వారం చచ్చిపోవాలనిపించిందా అండీ?"

ఆయన ఆలోచించాడు. "రెండు మాట్లు. రెండు మాట్లూ మా ఆవిడ్ని లేపా. రెండో మాటు తిట్టింది గూడా, నిద్ర చెడగొట్టానని."

రెండుసార్లు, భార్యకు చెప్పారు, అని నాగజ్యోతి రాసుకుంది.

"మందు వేళకి వేసుకుంటున్నారా?"

"ఏ మందో చెప్పి అడగండమ్మా" అన్నాడు వీరాంజనేయులు. "మీతో నాకు భయం."

బయట బల్ల మీద కూర్చున్న బసవమ్మ నవ్వు లోపలికి వినపడింది.