తిరిగి వెళ్లే ఉద్దేశం

అమెరికాలో నేను ఓటు వెయ్యడం మా అన్నయ్య ఫవ్వాజ్‌కి మొదటినుంచీ గిట్టదు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ సణుగుడు నా చెవిదాకా వచ్చేది కాదు. ఇప్పుడు జోర్డాన్‌లో, మా సాల్ట్ ఊళ్లో, మెట్లవీధిలో, ఆయన ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి మూడు పూటలా వినిపిస్తోంది.

రెండేళ్ల కిందట మా వదిన విజ్దాన్‌కి తుంటి ఎముక విరిగితే, ఒక్క వేసవి ఉండి వెళ్దామని వచ్చాను. వదిన లేచింది, నడిచింది, ఇప్పుడు నాకంటే జోరుగా మెట్లెక్కుతోంది. నేను మాత్రం కదల్లేదు. రంజాన్ అయ్యాక వెళ్దువులే అన్నారు. పండగ అయ్యాక అన్నారు. ఆలివ్ కాయలు కోసి, దంచి, జాడీల్లో ఊరేశాక అన్నారు. ఆ ఇంట్లో మనిషికో జాడీ, మూత మీద పేరు. మొదటి ఏడు నా పేరున ఒక జాడీ లేచింది, రెండో ఏడు ఇంకోటి. ఈలోగా అన్నయ్య ఊరందరికీ "మా హియామ్ వచ్చేసింది, ఇక ఇక్కడే" అని చాటేశాడు. నన్ను అడగలేదు. నేనూ కాదనలేదు. ఆ తప్పు నాదే.

అక్కడ నేను ఇరవైమూడేళ్లు బడి వంటగదిలో పనిచేశాను. నాలుగువందల మంది పిల్లలకి పొద్దున్నే పిండి కలిపి రొట్టెలు కాల్చేదాన్ని. ఈ నవంబరులో మా ఊళ్లో ఓటుకి పెట్టిన సంగతి అదే: బడుల వంటగదులు ఉంచాలా, మూసేసి బయటి కంపెనీవాళ్ల దగ్గర డబ్బాల్లో భోజనం తెప్పించాలా. నాతోపాటు పొయ్యి దగ్గర నిలబడ్డ మారిబెల్ ఇంకా అక్కడే ఉంది.

"పోయినసారి తొమ్మిది ఓట్లతో బయటపడ్డాం," అంది ఫోన్లో. "ఈసారి నీ ఓటు రాకపోతే నీ మొహం చూడను."

మారిబెల్ అన్నంత పనీ చేసే మనిషి. అయినా ఆమె బెదిరించక్కర్లేదు. ఆ పొయ్యిల మీద నా చేతులు కాలిన మచ్చలు ఇంకా పోలేదు.

పరాయి దేశంలో ఉన్నా, ఆఖరిసారి కాపురమున్న చిరునామా ఏ ఊరిదైతే ఆ ఊరి ఓటరుగానే మమ్మల్ని లెక్కిస్తారు. ఏటా ఒక దరఖాస్తు పంపితే ఓటుపత్రం ఈమెయిల్లో వస్తుంది. దాన్ని అచ్చు వేసుకుని, గుర్తులు పెట్టి, సంతకం చేసిన కవరులో పోస్టు చెయ్యాలి. వదిన ముప్పైయేళ్లు ఇంగ్లీషు టీచరు, కాబట్టి కంప్యూటరు ముందు ఆవిడే కూర్చుంది. పరీక్ష పేపరు ఇచ్చినట్టు ఒక్కొక్క ప్రశ్నా గట్టిగా చదివింది. పేరు, పుట్టిన తేదీ, అక్కడి చిరునామా, ఇక్కడి చిరునామా అన్నీ సాఫీగా సాగాయి. తరవాత ఒక చోట ఆగింది.

"ఇక్కడ రెండు గడులున్నాయి. ఒకటి, తిరిగి వెళ్లే ఉద్దేశం ఉంది. రెండు, వెళ్లేదీ లేనిదీ తెలియదు. ఏది పెట్టను?"

"వెళ్తాను, ఇన్షా అల్లా."

"ఇన్షా అల్లాకి గడి లేదే, హియామ్."

"కింద ఏముంది?"

"ఇందులో రాసిందంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను, అబద్ధమైతే శిక్షకి సిద్ధం, అని ఉంది."

మా ఇంట్లో రేపు కూర వండుతానని చెప్పాలన్నా ఇన్షా అల్లా, అంటే దేవుడు తలిస్తే, అని కలపకుండా ఎవరూ అనరు. అలాంటిది వెళ్లి తీరతానని ప్రమాణం మీద ఎలా చెప్పడం. రేపు ఉంటానో పోతానో ఎవరికి తెలుసు.

"రెండోది పెట్టు వదినా. దేవుడికి తెలుసు, నాకు తెలియదు."

వదిన కళ్లజోడు పైనుంచి నా వంక చూసి, రెండో గడిలో గుర్తు పెట్టింది. పక్కగదిలో వార్తలు చూస్తున్న అన్నయ్య మాత్రం అంతా విన్నాడు.

ఆ వారమంతా ఆయనకి పండగే. రొట్టెల కొట్టువాడికి చెప్పాడు, మంగలికి చెప్పాడు. "ప్రమాణం చేసి మరీ రాసింది, వెళ్తానన్న నమ్మకం లేదని." నేను వినీ విననట్టు ఊరుకున్నాను. ఓటు దక్కితే చాలు, ఆయన్ని ఆనందించనీ అనుకున్నాను.

సెప్టెంబరు ఆఖర్లో ఓటుపత్రం వచ్చింది. ఒకే ఒక్క పేజీ. అధ్యక్ష పదవికి, వాషింగ్టన్ సభలకి నిలబడ్డవాళ్ల పేర్లు, అంతే. వెనక్కి తిప్పాను, తెల్లగా ఉంది. ప్రింటరులో ఇంకో కాగితం ఇరుక్కుందేమోనని వదిన మూత తీసి చూసింది. మా ఊరూ లేదు, బడీ లేదు, వంటగదీ లేదు.

వదిన అక్కడి ఎన్నికల ఆఫీసుకి ఈమెయిల్ రాసింది. మర్నాడే జవాబు వచ్చింది, మర్యాదగా, నాలుగు ముక్కల్లో. తిరిగి వచ్చేదీ లేనిదీ తెలియదన్నవాళ్లకి మా రాష్ట్రం చట్టం ప్రకారం దేశం మొత్తానికి జరిగే ఎన్నికల ఓటే ఇస్తారట, ఊరి సంగతుల్లో ఓటు ఉండదట. మీరు పొరపాటున గుర్తు పెట్టి ఉంటే కొత్త దరఖాస్తు పంపండి, శుక్రవారం సాయంత్రం అయిదులోగా అందితే పూర్తి ఓటుపత్రం పంపుతాం అన్నారు.

నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో కాదు, నా మీదే. ఇరవైమూడేళ్లు వండిన దాన్ని, ఆ ఊరి అన్నం గురించి నోరెత్తే హక్కు నా చేత్తో నేనే వదిలేసుకున్నాను.

"దానిదేముంది, మొదటి గడిలో పెట్టి మళ్లీ పంపుదాం," అంది వదిన.

"వంటగది కోసం అబద్ధపు ప్రమాణం చెయ్యమంటావా?"

"అబద్ధమా?" అంది ఆవిడ. "అది నీకే తెలియాలి."

ఆ మాట నన్ను రెండు రోజులు నిలవనివ్వలేదు. ఆ గడిలో గుర్తు పెట్టాలంటే నిజంగా వెళ్లాలనుకోవాలి. వెళ్లాలనుకుంటున్నానా? రెండేళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. పొద్దున్నే మెలకువ వస్తే చేతులు వాటంతటవే పిండి కోసం వెతుకుతాయి. ఇక్కడ నా చేతులకి పని లేదు, వదినకి సాయం చెయ్యడం తప్ప. ఆవిడకి సాయమే అక్కర్లేదు. ఇక్కడ నేను ప్రేమగా చూసుకునే చుట్టాన్ని. అక్కడ నేను హియామ్‌ని.

శుక్రవారం మధ్యాహ్నం, పెరుగులో ఉడికించిన మాంసం అన్నం మీద పోసిన మన్సఫ్ పెద్దపళ్లెం చుట్టూ అందరం కూర్చున్నాం. అన్నయ్య స్నేహితుడు అబూ నాయెఫ్ వచ్చాడు. అన్నయ్య మాంసం ముక్కలు ఏరి అతని వైపు జరుపుతూ మొదలుపెట్టాడు.

"మా చెల్లెలికి అమెరికావాళ్లు సగం ఓటే ఇచ్చారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాళ్లకి అంతే ఇస్తారు మరి."

అబూ నాయెఫ్ నవ్వాడు. "పోనీలేమ్మా, నీకెందుకు ఆ గోల. ఎవరి పిల్లలో ఏం తింటే మనకేంటి?"

"నేను పెట్టిన తిండి తిన్న పిల్లలు," అన్నాను. "నాకు కాక ఎవరికి?"

"ప్రమాణం చేశావు కదా తెలియదని," అన్నాడు అన్నయ్య. "ఇప్పుడు కాదంటే ఏది అబద్ధం?"

అప్పటిదాకా తెలియదు ఆ మాట నా నోట్లో ఉందని.

"నువ్వు నమాజుకి నిలబడేటప్పుడు ముందు ఏం చేస్తావు అన్నయ్యా?"

"నియ్యత్ చేసుకుంటాను. ఎవరైనా అంతే."

"పూర్తి చేస్తావని నీకెవరైనా రాసిచ్చారా? సగంలో గుండె ఆగిపోవచ్చు. అయినా చేస్తానన్న సంకల్పంతో నియ్యత్ చేసుకుంటావు కదా. అది లేకపోతే నువ్వు వంగినా లేచినా లెక్కలోకి రాదు. ఆ ఫారం అడిగింది కూడా అదే. ఎప్పుడు వెళ్తావు, చేరతావా అని అడగలేదు. ఉద్దేశం ఉందా అని అడిగింది. జరిపించేది దేవుడు. ఉద్దేశం మాత్రం నాది. అది కూడా ఆయన మీదికి తోసేసి ఊరుకున్నాను చూడు, అదీ నేను చేసిన తప్పు."

అన్నయ్య చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. "అయితే ఉద్దేశం ఉందంటావు."

"ఉంది."

"ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే. అడక్కుండానే ఊరంతా చెప్పుకొచ్చావు. నేను ఇక్కడ ఉండిపోతానని మంగలికి తెలిసింది గానీ, నాకు తెలియలేదు."

అబూ నాయెఫ్ పెరుగు గిన్నె తన దగ్గరికి లాక్కున్నాడు. అన్నయ్య మొహం ఎర్రబడింది. "ఇక్కడ నీకేం తక్కువ చేశాం?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు. అందుకే రెండేళ్లు నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను."

చెయ్యి కడుక్కుని కంప్యూటరు ముందు నేనే కూర్చున్నాను. అక్కడ ఇంకా పొద్దున్నే, ఆఫీసు తెరిచే వేళ. ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ పేరు, తేదీ, చిరునామాలు కొట్టాను. ఆ గడి దగ్గరికి వచ్చాక బిస్మిల్లా అని దేవుణ్ని తలచుకుని మొదటిదానిలో గుర్తు పెట్టాను. ప్రమాణం కింద సంతకం చేశాను. వదిన వెనకనుంచి చూసింది, ఒక్క తప్పు కూడా దిద్దలేదు.

సోమవారం పూర్తి ఓటుపత్రం వచ్చింది, నాలుగు పేజీలు. ఆఖరి పేజీలో అడుగున వంటగది ఉంది. "ఉంచాలి" అన్నదాని పక్కన గుండ్రం గీత దాటకుండా, నల్లగా, నిండుగా దిద్దాను. ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసుకి నడిచి వెళ్లి రిజిస్టరు చేసి రసీదు తెచ్చుకున్నాను. అక్కడినుంచే మారిబెల్‌కి ఫోన్ చేసి, వసంతానికల్లా నా గది ఖాళీ చెయ్యమని అందులో అద్దెకున్నవాళ్లకి చెప్పమన్నాను. ఆమె "పిండి ధర పెరిగింది, తెలుసా," అంది.

ఇంటికి వచ్చేసరికి అన్నయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి తిరిగాడు. ఆయన కోపం తగ్గడానికి నెల పట్టొచ్చు, పట్టనీ. ఆ నెలంతా ఎదురుగానే కూర్చుని తింటాను.

వంటింట్లో వదిన నేల మీద చాపేసి ఆలివ్ కాయలు రాయితో చితక్కొడుతోంది. జాడీలు వరసగా తుడిచి పెట్టి ఉన్నాయి, మూతల మీద పేర్లతో. నా పేరు ఎక్కడా లేదు. ఆవిడ మోకాలి పక్కన మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది, మర మూతది.

"జాడీ అయితే ప్రయాణం పెట్టెలో పగిలిపోతుంది," అని, నా చేతికి ఒక రాయి ఇచ్చింది. "కూర్చో, నీవి నువ్వే కొట్టుకో."