గిల్లని మొగ్గలు

బాప్తిస్మంలో పెట్టిన పేరు మార్తమ్మ. ఆ పేరుతో పిలిచేది పాస్టరు ప్రభుదాసు ఒక్కడే. గద్వాల పక్కనున్న ఆ ఊళ్లో మిగతా అందరికీ ఆమె భీమమ్మే. విత్తన పత్తి చేలో ఆమె అంతటి పనిమంతురాలు లేదని పేరు. ఆ పేరు ఉండబట్టే ఆమెను ఎవరూ అనుమానించలేదు.

విత్తన పత్తిలో సాయంత్రం మొగ్గ గిల్లి, లోపలి పుప్పొడి అంతా తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దాలి. గిల్లని మొగ్గ తన పుప్పొడితోనే కాయ కట్టి విత్తనాన్ని కల్తీ చేస్తుంది. కిందటి వానాకాలం ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆలస్యమవుతోందని, పాట ఎత్తుకోవాల్సింది తనేనని, భీమమ్మ చివరి సాళ్లలో మొగ్గలు గిల్లకుండానే కాగితాలు తొడిగేసింది. ఆ పై శుక్రవారాలూ అంతే. దేవుడి పనికే కదా పోతున్నానని సర్దిచెప్పుకుంది. దేవుణ్ణి అడ్డం పెట్టుకొని పని ఎగ్గొట్టడం భక్తులకు కొత్తేం కాదు.

విత్తనం టెస్టులో ఫెయిలైంది. చేను యజమాని బాలస్వామి చాయ్ హోటలు ముందు, ఊరంతా చూస్తుండగా కూలి ఎంకమ్మను నిలబెట్టి తిట్టాడు. ఆ ఏడే పనికి వచ్చిన మనిషి కాబట్టి తప్పు ఆమెదేనన్నాడు. మళ్లీ ఆమెను ఎవరూ చేలోకి పిలవలేదు.

భీమమ్మ నోరు విప్పలేదు. దేవుడికి మాత్రం ఏడ్చి చెప్పుకుంది, క్షమాపణ దొరికిందనుకుంది. అయినా ఎంకమ్మ ఎదురైన రోజు అన్నం సహించేది కాదు. అందుకని ఆమెను చర్చికి పిలవడం మొదలుపెట్టింది. ఆమె కూడా రక్షణ పొందితే అంతా సర్దుకుంటుందని ఆశ. తప్పు ఒప్పుకోవడం కంటే చర్చికి పిలవడం సులువు మరి.

ఒక ఆదివారం ఎంకమ్మ వచ్చి, భీమమ్మ పక్కనే చాప మీద కూర్చుంది.

"తీర్పు లేకుంటె రక్షణెందుకు?" అంటున్నాడు ప్రభుదాసు. "మన మీద పడాల్సిన శిక్ష తప్పు జేయనాయన మీద పడ్డది. అందుకే మనం బతికినం."

ఆ మాటకు అందరికంటే ముందు "స్తోత్రం" అనే గొంతు భీమమ్మదే. ఆ రోజు వేరేవాళ్లు ముందు అన్నారు. తప్పు చేయని మనిషి మోకాలు తన మోకాలికి తగులుతోంది. ప్రభువు ఒప్పుకొని మోశాడు. ఎంకమ్మను ఎవరడిగారు? భీమమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ప్రార్థన కావలసినవాళ్లు రమ్మనగానే ఎంకమ్మ లేచింది.

"అయ్యా, నా చేతులల్ల ఏదో పాపముంది. పట్టిందల్ల ఖరాబైతుంది. దేవుడు గిట్ల ఎందుకు శిక్షిస్తుండో తెల్వదు. జర ప్రార్థన చేయుండ్రి."

ప్రభుదాసు ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు.

"వద్దయ్యగారూ," అంటూ భీమమ్మ లేచింది. "ఆమె చేతులల్ల ఏం లేదు. మొగ్గలు గిల్లకుండ కాగితాలు తొడిగింది నేను. పాటకు యాళ్లయితుందని."

ఎంకమ్మ తన అరచేతులు చూసుకుంది.

"అయితే నా చేతులు మంచియేనా, అక్కా?"

"మంచియే," అంది భీమమ్మ ఏడుస్తూ.

"దేవుడు క్షమిస్తడు మార్తమ్మా," అన్నాడు పాస్టరు.

"క్షమించనీ. ముందుగాల ఈమెను బాలస్వామికి చెప్పనీ," అని ఎంకమ్మ భీమమ్మ చెయ్యి పట్టుకొని బయటికి నడిపించింది.

బాలస్వామి తన ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. అంతా విని భీమమ్మ వైపు తిరిగాడు. "రేపటి సంది నా చేన్ల అడుగు పెట్టకు," అన్నాడు. తర్వాత ఎంకమ్మతో, "నువ్వు రా," అన్నాడు.

"ఊరోళ్ల ముంగట తిట్టినవ్ పటేలా. ఊరోళ్ల ముంగటనే పిలువు."

బాలస్వామి తల వంచుకున్నాడు. భీమమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను పిల్చుకొస్త అందర్ని," అని మొదటి ఇంటి తలుపు తట్టడానికి వెళ్లింది.