బర్రెగుండు మిట్ట

కుర్మయ్య బతికున్న రోజుల్లో ఆదివారం వచ్చిందంటే శంషాబాద్‌లో వాళ్ల వాడకట్టంతా ఒకటే పరాచికం. "కుర్మయ్య క్యాన్ మారిందిరో!" అని నవ్వేవాళ్లు.

పాలకు ఆదివారం లేదు. ఆ రోజు కూడా ఆయన చీకటితో లేచి ఇల్లిల్లూ తిరిగి పాలు పోసి వచ్చేవాడు. తర్వాత క్యాన్లు కడిగి గోడకు బోర్లించి, సైకిల్‌ను పాత లుంగీతో తుడిచేవాడు. క్యాన్లు దిగిన క్యారియర్ మీద భార్య నిర్మల ఎక్కేది. పని ఏమీ లేదు, పోవలసిన చుట్టమూ లేడు. తుక్కుగూడ మీదుగా రావిర్యాల చెరువు దాకా పోవడం, కాసేపు నీళ్లు చూసి తిరిగి రావడం, అంతే. పొద్దంతా సైకిల్ తొక్కేవాడికి మళ్లీ ఈ తొక్కుడు ఎందుకని ఎవరైనా అడిగితే, "పొద్దుగాల అది నన్ను తోలింది. ఇగ నేను దాన్ని తోల్త" అనేవాడు.

నిర్మల కాళ్లు రెండూ ఒక పక్కకు వేలాడేసి కూర్చునేది. అందుకని పోయేటప్పుడు ఆమెకు తోవలో ఎడమ పక్క మాత్రమే కనబడేది. ముందు సంగతి తెలియదు. అక్కడంతా కుర్మయ్య వీపే. ఆయన వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు, ఆ పని ఆమెకు అప్పజెప్పాడు. వెనక లారీ గాని బస్సు గాని వస్తే వీపు మీద ఒకసారి తట్టాలి. ఆగమంటే రెండుసార్లు తట్టాలి. పదిహేడేళ్లు ఆ లెక్క తప్పలేదు.

తుక్కుగూడ దాటినాక ఒక మిట్ట వచ్చేది. దాని నడుమ, ఎడమ పక్కన ఒక పెద్ద రాతి గుండు. చేనులో పడుకున్న బర్రె వీపులా నల్లగా, నునుపుగా ఉండేది. బర్రెగుండు అని కుర్మయ్యే దానికి పేరు పెట్టాడు. అక్కడికి రాగానే తప్పకుండా సైకిల్ ఆపేవాడు.

"నేను తట్టనే లేదు గద, ఎందుకాపినవ్?" అనేది ఆమె.

"నీ నడుం పట్టుకపోయినట్టుంది. జర దిగు."

"నా నడుం సంగతి నీకెట్ల తెలుస్తది?"

"నాకు తెల్సు. దిగు."

ఆమె దిగి, మూట విప్పి, జొన్నరొట్టె మీద పచ్చిమిర్చి తొక్కు పెట్టి ఇచ్చేది. ఆయన వెంటనే తినేవాడు కాదు. హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి, అటు తిరిగి రోడ్డు చూస్తూ నిలబడేవాడు. ఆ కాసేపూ మాటలన్నీ ఆమెవే.

ఆయన పోయి నాలుగేళ్లయింది. నిరుడు పెత్రమాస నాడు నిర్మలకు ఒక కోరిక పుట్టింది. పెద్దలకు బియ్యం ఇచ్చే ఆ రోజున, ఒక రొట్టె ముక్క తీసుకుపోయి బర్రెగుండు దగ్గర పెట్టి రావాలని. కొడుకు మల్లేశ్వర్ ఆటో నడుపుతాడు. కాదనలేదు, తీసుకుపోయాడు. రోడ్డు నాలుగింతలు వెడల్పయింది. రెండు పక్కలా వెంచర్ల గోడలు, బోర్డులు. ఆటోలో ఎడమ పక్కకు వంగి ఎంత వెతికినా గుండు కనబడలేదు. ఎండాకాలంలో ఇంకోసారి పోయారు. అప్పుడూ అంతే.

"అమ్మా, గుండు సంగతి దేవుడెరుగు, ఈ రోడ్డుకు అసలు మిట్టనే లేదు" అన్నాడు మల్లేశ్వర్. "నేను దినాం పోతున్న గద. నువ్వేదో కలగన్నవ్."

కొడుకు కోపంతో అనలేదు. అయినా ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. గుండు కల అయితే మరి రొట్టె? వీపు మీద తట్టిన చెయ్యి? వాళ్లిద్దరూ కలిసి దిగిన ఫోటో కూడా ఒక్కటి లేదు. ఆ ఆదివారాలకు సాక్ష్యం ఆ రాయి ఒక్కటే. అదే లేదంటే ఇగ ఏమున్నట్టు?

అట్లాంటి రోజుల్లోనే పక్కింటి సురయ్యా సైకిల్ కొన్నది. షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమంటే, నడవడం ముసలోళ్ల పని అని గేర్ల సైకిల్ కొనిపించుకున్నది కొడుకు అర్బాజ్ చేత. నాలుగు నెలల్లో ఐదుగురు ఆడవాళ్లను పోగేసింది. ఆదివారం ఆదివారం విమానాశ్రయం చుట్టుపక్కల తోవల్లో తిరగడం వాళ్ల పని. సురయ్యా పట్టుబట్టి నిర్మలకు కూడా నేర్పింది, ఫంక్షన్ హాల్ వెనక మైదానంలో, యాభై ఎనిమిదేళ్ల వయసులో. పంజాబీ డ్రెస్ వేయించింది. వాడకట్టు మళ్లీ నవ్వింది. నిర్మలకు ఆ నవ్వు పాతదే.

జట్టుతో పోయిన మొదటి రోజు ఒక పని జరిగింది. ముందు అఖిల పోతున్నది. విజయవాడ పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం. వెనక నుంచి లారీ చప్పుడు వినబడగానే నిర్మల చెయ్యి దానంతట అదే లేచింది. సైకిల్ తొక్కుతూ తొక్కుతూనే ముందుకు వంగి అఖిల వీపు మీద ఒక్కటి తట్టింది. ఆ పిల్ల బెదిరింది. ఇద్దరూ కలిసి గడ్డిలో పడ్డారు.

"ఎందుకు కొట్టారండీ?" అన్నది అఖిల మోచెయ్యి తుడుచుకుంటూ.

"కొట్టలే బిడ్డా, లారీ వస్తున్నదని చెప్పిన."

"నోటితో చెప్పొచ్చు కదా ఆంటీ!"

సురయ్యా కడుపు పట్టుకుని నవ్వింది. "ఇగ నుంచి నిర్మలక్క ముంగట ఎవరూ పోవద్దు. పోతే దిండు కట్టుకొని పోండ్రి."

సురయ్యా తన సైకిల్ ఇచ్చి తను అర్బాజ్ సైకిల్ ఎక్కేది. ఆ గేర్ల సైకిల్ మీద నిర్మల రెండుసార్లు రావిర్యాల పోయి వచ్చింది, గుండు కోసం ఎడమ పక్కే చూసుకుంటూ. దొరకలేదు. చక్రం చల్లగా, నూనె పోసినట్టు పోయింది. మిట్ట అన్నదే తగలలేదు. మల్లేశ్వర్ మాటే నిజమేమో అనిపించింది.

ఈసారి పెత్రమాస ఆదివారమే వచ్చింది. తెల్లవారక ముందే నిర్మల జొన్నరొట్టెలు చేసి, తొక్కు నూరి మూట కట్టింది. ఇవాళ దొరకకపోతే ఇగ వెతకనని మనసులో గట్టిగా అనుకున్నది. మూట పట్టుకుని బయటికి వచ్చేసరికి సురయ్యా గేటు దగ్గర నూనె చేతులతో నిలబడి ఉన్నది.

"పరేషాన్ కాకు అక్కా. నీకిచ్చే సైకిల్ చైన్ తెగింది. దుకాణం తెరిచేదాకా ఏం కాదు. వచ్చే ఆదివారం పోదం."

నిర్మల లోపలికి పోయింది. మెట్ల కింద గోడకు ఆనించి ఉన్న కుర్మయ్య సైకిల్‌ను బయటికి తీసింది. నడుమ రాడ్డు ఉన్న మగవాళ్ల సైకిల్. నాలుగేళ్లుగా దాన్ని ఆమె తుడుస్తూనే ఉన్నది, మల్లేశ్వర్ అప్పుడప్పుడు గాలి కొడుతూనే ఉన్నాడు. ఎక్కినవాళ్లు మాత్రం లేరు.

"అరె, అది సైకిలా, ఇనుప మంచమా?" అన్నది సురయ్యా. "దానికి గేర్లు లెవ్వు, ఏం లెవ్వు. నువ్వు రావిర్యాల కాదు, దవాఖానకు పోతవ్."

"మెల్లగ పోత. మీరు ముంగట పోండ్రి."

"ముంగట పోతే తంతవ్ గద! నేను నీ పక్కకే వస్త."

అరుగు మీద కాలు పెట్టి ఎక్కింది నిర్మల. సైకిల్ బరువుగా కదిలింది. ఊరు దాటేసరికి పిక్కలు గట్టిపడ్డాయి. తోవ పక్క గునుగు పూలు విచ్చి ఉన్నాయి, బతుకమ్మ కోసం పిల్లలు కోస్తున్నారు. తక్కిన వాళ్లు ముందుకు పోయి చుక్కల్లా కనబడుతున్నారు. సురయ్యా, అఖిల మాత్రం ఆమెతో పాటు నడకలాగా తొక్కుతున్నారు.

తుక్కుగూడ దాటారు. కొంత దూరం పోయాక సైకిల్ మొరాయించింది. నిర్మలకు ముందు అర్థం కాలేదు. చక్రంలో గాలి పోయిందేమో అనుకున్నది. కింద చూస్తే గాలి ఉన్నది. రోడ్డు చూస్తే బల్లపరుపుగానే కనబడుతున్నది. కాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. ప్రతి తొక్కుడికీ నడుము లేపవలసి వస్తున్నది. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నది.

"గేర్ మార్చండి ఆంటీ" అన్నది అఖిల అలవాటుగా.

"ఏడున్నది బిడ్డా మార్చనీకి?"

ఇంకో నాలుగు తొక్కులు. ఇంకో రెండు. ఇగ చాతగాక నిర్మల దిగిపోయింది. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఆనించి, తల వంచి, నోటితో గాలి పీల్చుకుంటూ నిలబడింది.

"కూసో అక్కా, కూసో" అంటూ సురయ్యా వచ్చి సైకిల్‌కు స్టాండ్ వేసింది.

కూర్చోవడానికి ఏమీ లేదు. నిర్మల వెనక్కి జరిగి క్యారియర్ మీద కూర్చున్నది. ఎన్నో ఏళ్ల అలవాటున, కాళ్లు రెండూ ఎడమ పక్కకే వేసి. దమ్ము తీసుకుంటూ తలెత్తింది.

ఎదురుగా ఒక వెంచర్ గోడ. దానికి ముందొక పెద్ద బోర్డు, వచ్చేవాళ్లకు గోడ అవతల ఏమున్నదో కనబడకుండా అడ్డంగా. సరిగ్గా ఇక్కడ కూర్చున్న వాళ్లకు మాత్రం బోర్డు పక్కకు తొలగి, గోడ మీదుగా నల్లటి వీపు ఒకటి కనబడుతున్నది. పడుకున్న బర్రె వీపు.

నిర్మల కూర్చున్న చోటి నుంచే అటు చెయ్యెత్తి చూపింది.

"ఏందక్కా?" అన్నది సురయ్యా.

"అగ్గో. మా బర్రెగుండు."

అఖిల గోడ దగ్గరికి ఉరికి మునివేళ్ల మీద నిలబడి చూసింది. "నిజంగానే బర్రెలా ఉందండీ! ఫోటో తీయనా?"

"తియ్యి. మా మల్లేశ్వర్‌కు పంపు. మిట్ట ఉన్నదని రాయి. ఆటోకు తెల్వదు గాని ఉన్నదని రాయి."

అన్నదే గాని నిర్మల మనసు గుండు మీద లేదు. తన దమ్ము చప్పుడు తనే వింటున్నది. కుర్మయ్య ప్రతి ఆదివారం ఆగింది ఇక్కడే. అడుగు ముందుకు లేదు, అడుగు వెనక్కి లేదు. చేతులు ఆనించి, అటు తిరిగి, రొట్టె ముట్టకుండా నిలబడింది ఇక్కడే. నీ నడుం పట్టుకపోయినట్టుంది, జర దిగు.

ఊపిరాడక దవాఖానలో పడిన ఆఖరు రోజుల్లో డాక్టర్ అడిగాడు, ఈ దమ్ము ఎప్పటి నుంచి ఉన్నదని. కుర్మయ్య ఆమె మొహం చూశాడు. "నిరుటి నుంచి సారూ" అని ఆమే జవాబు చెప్పింది. ఆయన కాదనలేదు.

"తన దమ్మును పదిహేడేండ్లు నా నడుం మీద పెట్టిండు చూడు" అన్నది నిర్మల.

సురయ్యాకు కొంచెమే అర్థమైంది. నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది.

నీళ్లు తాగి నిర్మల మూట విప్పింది. ఒక రొట్టె మీద తొక్కు పెట్టి, గోడ మీద, గుండుకు ఎదురుగా పెట్టింది. ముగ్గురూ కాకి కోసం చూశారు. కాకి రాలేదు. దిగబోతున్న విమానం ఒకటి తల మీదుగా చెవులు పగిలేటట్టు పోయింది.

"యా అల్లా, కాకికి బదులు దాన్ని పంపిండా మీ ఆయన?" అన్నది సురయ్యా.

నిర్మలకు నవ్వొచ్చింది. కండ్లు తుడుచుకున్నది. మిగిలిన రొట్టెలు ముగ్గురూ తిన్నారు. తొక్కు కారానికి అఖిల ముక్కు ఎర్రబడింది.

"ఎక్కండి ఆంటీ, నేను వెనక నుంచి నెడతాను" అన్నది ఆ పిల్ల.

"వద్దు బిడ్డా. మిట్ట అయ్యేదాక నడిపిస్త. సైకిల్‌కు దమ్ము వచ్చింది" అని నిర్మల స్టాండ్ తీసింది. తీసి, ఎవరూ చూడకుండా, ఖాళీ సీటు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

సైకిల్‌ను నడిపించుకుంటూ మిట్ట ఎక్కింది. పైకి రాగానే రోడ్డు కిందికి వంగి, దూరంగా రావిర్యాల చెరువు మొత్తం ఒక్కసారే ఎదురుగా కనబడింది. అంత నీళ్లు ఇక్కడి నుంచే కనబడతాయని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.