చేతులు వదలని పిల్ల

నేనొక తాడును. అదీ పిరికి తాడును. నవ్వకండి! లావాటి నైలాను ఒళ్ళు చూసి నా గుండె కూడా లావే అనుకుంటారు మనుషులు. మిల్లులో నన్ను పేని, ఇంత బరువు మోస్తానని చీటీ రాసి మెడకు కట్టారు. మోస్తావా అని నన్నొక్క మాటైనా అడగలేదు.

మొదట కొండలెక్కే కుర్రాళ్ళ చేతుల్లో ఒక ఏడాది నలిగాను. తర్వాత వికారాబాద్ గుట్టల్లో పిల్లల శిబిరం నడిపే నర్సాగౌడ్ సారు దగ్గరికి చేరాను. ఆయన తాతలు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్ళు. ఈయన పట్నం పిల్లలకు చింతచెట్టెక్కడం నేర్పుతాడు. చెట్టెక్కితే వీపు వాయగొట్టిన అమ్మానాన్నలే ఇప్పుడు ఎక్కించండి సార్ అని వ్యాన్లలో పంపుతున్నారు. ఏం చిత్రమో!

పైకొమ్మ మీదుగా నన్ను వేసి, ఒక కొస పిల్ల నడుం పట్టీకి కడతాడు. రెండో కొస సారు చేతిలో ఉంటుంది. పిల్లలు కొమ్మలు పట్టుకుని ఎక్కుతారు. పైకి వెళ్ళాక సారు, "చేతులిడువు బిడ్డా, తాడును నమ్ము" అంటాడు. వాళ్ళు వదిలేసి గాల్లో ఊగుతూ కేరింతలు కొడతారు. ఆ బరువు పడిన ప్రతిసారీ నాకు ప్రాణం పోయి వచ్చేది.

ఒకరోజు వ్యాన్‌లో పాత బ్యాటరీ ఒరిగి, అందులోని ఆసిడ్ నా మీద ఒలికింది. డ్రైవరు గుడ్డతో తుడిచి, ఆరిపోతుందిలే అని ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పైకి నా రంగైనా మారలేదు. లోపల మాత్రం, పిల్లలకు కట్టే కొసకు రెండు బారల దూరంలో నా పోగులన్నీ పిప్పి అయిపోయాయి. మర్నాడు సారు నన్ను ఎగాదిగా చూసి, బాగానే ఉందని భుజాన వేసుకున్నాడు.

ఆ రోజు మొదటి వంతు నవనీతది. తొమ్మిదేళ్ళ పిల్ల, చెట్టెక్కడం అదే మొదలు. ఆమె ఒక్కో కొమ్మే ఎక్కుతుంటే నేను వణికిపోయాను. కాలు జారితే ఆపడానికి నేను తప్ప ఎవరూ లేరు. నేనా, ఆపలేను. దేవుడా, జారనివ్వకు!

జారలేదు. రెండు నిలువుల ఎత్తుకు వెళ్ళింది. అప్పుడు సారు ఆ పాడు మాటే అన్నాడు.

"ఇగ చేతులిడువు బిడ్డా."

"నేను వదల సార్! నాకు భయమైతుంది!"

"ఏం కాదు. ఏనుగును కట్టినా తెగదిది."

అబద్ధం అని అరవాలనిపించింది. నాకు నోరేది? కింద పిల్లలంతా చప్పట్లు కొడుతూ "వదిలెయ్! వదిలెయ్!" అని ఒకటే గోల. నవనీత ఒక వేలు ఎత్తింది. మళ్ళీ కొమ్మను కరుచుకుని ఏడుపందుకుంది. ఏడుస్తూనే ఒక్కో కొమ్మే దిగి వచ్చేసింది.

"పిరికిది!" అన్నారు పిల్లలు. ఆ పిల్ల తల దించుకుంది.

సారుకు జాలేసింది. ఆమె భయం పోగొడదామని నా రెండో కొసను మొద్దుకు కట్టి, ఈ కొసను రెండు చేతులా పట్టుకుని, "సూడు" అంటూ కాళ్ళు పైకి ముడిచాడు.

ఫట్!

సారు దబ్బున నేల మీద పడ్డాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన తెగిన కొసను చూశాడు, చెట్టు పైకి చూశాడు, నవనీతను చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్లల నవ్వు ఆగిపోయింది.

"నువ్వు ఇడువకపోతివి, నన్ను బతికిస్తివి తల్లీ" అని, పడినచోటే కూర్చుని ఏడ్చాడు.

మళ్ళీ ఎవరూ పొరపాటున వాడకుండా నన్ను ముక్కలు చేశాడు. ఇప్పుడొక ముక్క సామాన్ల కొట్టు తలుపుకు గడియగా ఉంది. అక్కణ్ణుంచి చింతచెట్టు కనిపిస్తుంది.

మరుసటి ఆదివారం నవనీత మళ్ళీ వచ్చింది. చెట్టు మీద కొత్త తాడు వేలాడుతోంది. సారు పట్టీ తెస్తే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముందు మీరు వేలాడుండి సార్."

యాభై ఏళ్ళ మనిషి కాళ్ళు ముడిచి వేలాడాడు. ఆ పిల్ల చాలనేదాకా దిగలేదు. ఆయనకూ భయం వేసింది, నాకు తెలుసు.

తర్వాత ఆమె ఎక్కింది. పైకి వెళ్ళి ఆగింది. ఎవరూ అరవలేదు, సారు కూడా నోరెత్తలేదు. కాసేపటికి తనంతట తానే ఒక చెయ్యి తీసింది. రెండో చెయ్యి కొమ్మ మీదే ఉంచింది.

"గంతే చాలు బిడ్డా" అన్నాడు సారు.